ఆశీలు, బోణీ, అమ్మ దుకాణం

మొన్న అమ్మ సంవత్సరీకానికి ఏటికొప్పాక వెళ్లాం. భోజనాలయ్యి చుట్టాలు ఒక్కొక్కరే బయలుదేరాక అన్నయ్య అటక మీది వెదురు గంప కిందికి దించాడు. పైన కట్టిన పాత చీర ముడి విప్పగానే లక్క వాసన గుప్పుమంది. గడ్డి పొరల మధ్య అమ్ముడుపోని కుంకుమ భరిణెలు, కొన్ని బొంగరాలు, మూత ఎక్కడో పోయిన చిన్న బిందె ఒకటి. పక్కన ఎవరో బస్సు టైము గురించి మాట్లాడుతున్నారు. నేను మాత్రం అప్పటికే అనకాపల్లి నూకాలమ్మ తీర్థంలో, ఆ జాతర సందడిలో ఉన్నాను.

మా ఊరి బొమ్మల గురించి ఈమధ్య పత్రికలు, టీవీలు బాగానే చెబుతున్నాయి. అంకుడు కర్ర గురించి, లక్క గురించి, గింజల నుంచీ వేర్ల నుంచీ తీసే రంగుల గురించి చెబుతారు. ఉలి పట్టిన చేతిని దగ్గరగా ఫొటో తీస్తారు. అది సబబే. కానీ ఆ బొమ్మను గంపకెత్తుకుని రైలెక్కి, ఎండలో నేల మీద కూర్చుని, ముక్కూమొహం తెలియని పిల్లాడి చేతిలో పెట్టి, వాళ్ల నాన్న జేబులోంచి డబ్బు తీయించిన మనిషిని ఎవరూ ఫొటో తీయలేదు. మా ఇంట్లో ఆ మనిషి అమ్మ.

*

నాన్న పనంతా వసారాలోనే. నాకు ఊహ తెలిసేసరికి మా ఇంటికి కర్రను గిర్రున తిప్పే కరెంటు మిషను వచ్చేసింది కానీ, తాతయ్య నాటి చేతి తరిమెన ఇంకా ఓ మూలన పడి ఉండేది. దానికి ఒకరు తాడు అటూ ఇటూ లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టాలి. "పెళ్లయిన కొత్తలో మీ తాతయ్యకు తాడు లాగింది నేనే. చేతులు బొబ్బలెక్కేవి" అని అమ్మ చెప్పేది. చెప్పినప్పుడల్లా అరచేతులు చూసుకునేది.

అంకుడు కర్ర కొండల వైపు నుంచి వచ్చేది. తెల్లగా, మెత్తగా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు, నెలల తరబడి నీడన ఆరాలి. ఆరిన ముక్కను మిషనుకు బిగించి ఉలి ఆనిస్తే చెక్క పొరలు పొరలుగా లేచి నాన్న మోకాళ్ల మీద పడేది. ఆకారం వచ్చాక లక్క కడ్డీ. గిర్రున తిరిగే చెక్కకు కడ్డీని అదిమిపెడితే రాపిడి వేడికే లక్క కరిగి చుట్టూ పరుచుకుంటుంది. ఆ మీదట ఎండు మొగలి ఆకును మడిచి అదే చోట ఒత్తాలి. అప్పటిదాకా మందకొడిగా ఉన్న రంగు మీద ఒక్కసారిగా మెరుపు తేలుతుంది. బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు. మిషను మీద నుంచి దిగిన బొమ్మను అప్పటికప్పుడు చేతిలోకి తీసుకోవచ్చు, కాస్త గోరువెచ్చగా తగులుతుంది.

నాన్న ఎంతదాకా వచ్చాడో వంటింట్లో ఉన్న అమ్మకు మిషను చప్పుడును బట్టే తెలిసిపోయేది. ఉలి కింద కర్ర గరగరలాడుతుంది. లక్క పట్టేటప్పుడు కీచుమంటుంది. మొగలి ఆకు పెట్టాక దాదాపు చప్పుడే ఉండదు. ఆ చప్పుడు తగ్గిందంటే అమ్మ పొయ్యి మీద టీ గిన్నె పెట్టేది.

తర్వాత తనిఖీ మొదలయ్యేది. భరిణె మూత తీస్తే "టప్" అని చిన్న చప్పుడు రావాలి. మూత, గిన్నె సరిగ్గా అమిరితేనే లోపలి గాలి ఆ చప్పుడు చేస్తుంది. వదులుగా ఉంటే రాదు. అమ్మ ఒక్కో భరిణెనూ చెవి దగ్గర పెట్టుకుని తీసి చూసేది. చప్పుడు రానిదాన్ని పక్కన పెట్టేసి "ఇది నేను అమ్మను" అనేది. నాన్నకు కోపం వచ్చేది. "చేసినవాడిని, నాకు తెలియదా?" అనేవాడు. "మీకు తెలుసు. కొనేవాళ్లకూ తెలుస్తుంది" అని అమ్మ. పక్కన పెట్టినవాటిలో పసుపు, మిరియాలు, ఆవాలు పోసుకునేవాళ్లం. మా వంటింటి నిండా అలా తనిఖీలో తప్పిన భరిణెలే. ఊళ్లో ఏ ఇంట్లోనూ అంత రంగురంగుల పోపులపెట్టె ఉండేది కాదు.

*

మాది అప్పట్లో విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా ఏదైనా మా ఇంటి సంవత్సరం మాత్రం తీర్థాల లెక్కన నడిచేది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ల కోసం ఎలమంచిలి వీధులు. శివరాత్రికి నర్సీపట్నం పక్కన బలిఘట్టం. మా ఊరి పక్కన పారే వరాహ నదే అక్కడ ఉత్తరం వైపు తిరుగుతుంది కాబట్టి ఆ స్నానానికి విశేషం. ఫాల్గుణంలో ఉపమాక వెంకన్న కల్యాణం. ఉగాది ముందు రోజు కొత్త అమావాస్యకు అనకాపల్లిలో నూకాలమ్మ జాతర మొదలై నెల పొడుగునా సాగేది. వైశాఖంలో సింహాచలం చందనోత్సవం, దసరా వెళ్లాక విజయనగరం పైడితల్లి సిరిమాను, కార్తీకంలో అన్నవరం కొండ. నడుమ వానాకాలం వచ్చేది. అప్పుడు బొమ్మలూ అమ్ముడుపోవు, కర్రా ఆరదు. కిరాణా కొట్టు ఖాతా మాత్రం బాగా పెరిగేది.

నర్సీపట్నం రోడ్డు స్టేషనులో పాసింజరు ఎక్కేవాళ్లం. గంపను ఎత్తడం కన్నా సర్దడమే పెద్ద పని. బరువైన చపాతీ కర్రలు, రోళ్లు అడుగున, వాటి మీద గడ్డి, ఆపైన భరిణెలు, అన్నిటికన్నా పైన తాటాకు బుట్టల్లో లక్కపిడతలు. లక్కకు ఎండ పడదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే మెరుపు చచ్చిపోతుంది, ఒకదానికొకటి ఆనుకున్నవి అంటుకుంటాయి. అందుకని గంపను ఎప్పుడూ రైలు పెట్టెలో నీడ పడే వైపే పెట్టించేది. పిల్లలం మేము ఎండ వైపు కూర్చున్నా ఆమెకు పట్టేది కాదు.

*

తీర్థంలో చోటు పట్టడం ఒక విద్య. గుడికి మరీ దగ్గరగా కూర్చుంటే జనం దేవత మీద దృష్టితో వెళ్లిపోతారు, బొమ్మల వైపు చూడరు. మరీ దూరమైతే అప్పటికే డబ్బులు అయిపోయి ఉంటాయి. దర్శనం చేసుకుని బయటికి వచ్చే దారిలో, జీళ్ల దుకాణం దాటాక, గాజుల వాళ్ల కంటే ముందు: అమ్మ లెక్క అది. పిల్లలకు జీళ్లు కొనిపెట్టాక పెద్దవాళ్లకు కాస్త మనసు విచ్చుకుంటుంది. గాజుల దగ్గరికి వెళితే ఆడవాళ్లు ఇక అక్కడి నుంచి కదలరు. మధ్యలో మేము.

పాత చీర నాలుగు మడతలు పెట్టి పరిచేది. అందరూ పెద్ద బొమ్మలు ముందు పెట్టుకుంటారు, కనపడాలని. అమ్మ వాటిని వెనక వరసలో నిలబెట్టేది. ముందు వరస మొత్తం బొంగరాలు, గిలక్కాయలు, చిన్న చిన్న చెంబులు. అవి పిల్లల చేతికి అందే దూరంలో ఉండాలి. ఎడమ పక్కన ఒక ఇత్తడి పళ్లెం బోర్లించి ఉండేది. జనం పల్చబడినప్పుడల్లా వేళ్లతో ఒక బొంగరాన్ని మెలిపెట్టి దాని మీద వదిలేది. చెక్క మీద తిరిగితే ఏమీ వినపడదు, ఇత్తడి మీదైతే జుమ్మని మోగుతుంది. ఆ మోతకు నడుస్తున్న పిల్లలు ఆగిపోయేవాళ్లు. పిల్లలు ఆగితే పెద్దవాళ్లు ఆగక చస్తారా?

బోణీ మీద అమ్మకు విపరీతమైన పట్టింపు. మొదటి మనిషి ఎంత పిసినారి అయినా వట్టి చేతుల్తో పంపేది కాదు. అసలుకే ఇచ్చేసేది, ఒక్కోసారి అసలుకు కాస్త తక్కువకే. ఆ డబ్బు కళ్లకద్దుకుని చీర మడత కింద పెట్టేది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు మాత్రం అంత సులువుగా లొంగేది కాదు. ఎవరైనా "ఎంత?" అని అడిగితే వెంటనే ధర చెప్పేది కాదు, ముందు భరిణె చేతిలో పెట్టి "తీసి చూడండమ్మా" అనేది. టప్. వాళ్ల ముఖంలో చిన్న ఆశ్చర్యం. మూత మళ్లీ పెట్టి మళ్లీ తీసేవాళ్లు. టప్. అప్పుడు చెప్పేది ధర. రెండోసారి మూత తీసిన మనిషి కొనకుండా వెళ్లిన సందర్భం నాకైతే గుర్తులేదు.

పసివాడి చేతిలోకి వెళ్లిన బొమ్మను బేరం కుదరలేదని వెనక్కి లాక్కోవడం మాత్రం ఆమె చేసేది కాదు. పక్క దుకాణాల వాళ్లు అలా లాక్కుని పిల్లల్ని ఏడిపించేవారు. ఏడిస్తే తల్లిదండ్రులు కొంటారని వాళ్ల కిటుకు. పని చేసే కిటుకే. అమ్మకు అది నచ్చేది కాదు, "ఏడుస్తూ కొన్నది ఇంటికెళ్లాక విరగ్గొడతారు" అనేది.

నా ఉద్యోగం లక్కపిడతలతో ఆడుకోవడం. నిజంగానే అది ఉద్యోగం. తాటాకు బుట్టలోని సరంజామా అంతా, పొయ్యి, బిందె, చెంబు, తిరగలి, రోలు, రోకలి, గరిటె, మూతలున్న గిన్నెలు, అన్నీ దుకాణం పక్కన పరిచి నన్ను కూర్చోబెట్టేది. ఇసుక బియ్యం, వేపాకు కూర. నేను వంట మొదలుపెట్టగానే ఎవరో ఒక పాప వచ్చి పక్కన కూర్చునేది. ఇద్దరం వండేవాళ్లం. నేను అత్తగారిని, తను కోడలు. ఆట మంచి రసకందాయంలో ఉండగా ఆ పాప వాళ్ల అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లేపేది. పాప లేవదు. ఇక మిగిలింది మా అమ్మ చూసుకునేది. నేను ఆడుకుంటున్న పిడతలనే కొంగుతో తుడిచి, బుట్టలో సర్ది, ఆ పాపకు ఇచ్చేసేది. నాకు వెంటనే ఇంకో బుట్ట విప్పి ఇచ్చేది. అలా ఏ తీర్థంలోనూ నా సంసారం పూటైనా నిలవలేదు. లక్కపిడతలు చేసే ఇంట పుట్టి, నాదంటూ ఒక బుట్ట లేకుండానే పెద్దదాన్నయ్యాను. అప్పట్లో దీని మీద నాకు చాలా కోపం ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆశీలు, అంటే తీర్థంలో చోటుకు కట్టే సుంకం, వసూలు చేసే మనిషి మధ్యాహ్నానికి వచ్చేవాడు. వేలం పాటలో ఆ హక్కు దక్కించుకున్నవాళ్ల తాలూకు మనిషి, చంకలో తోలు సంచి, చేతిలో రసీదుల పుస్తకం. చీర పరిచినంత మేరా చూపుడువేలితో కొలిచేవాడు. అతను రావడం దూరం నుంచే పసిగట్టి అమ్మ చీరను ఒక మడత లోపలికి మడిచేది, వెళ్లాక మళ్లీ పరిచేది. అతనికీ ఆ సంగతి తెలుసు. ఒక ఏడాది వాళ్ల మనవరాలికని పిడతల బుట్ట అడిగాడు. అమ్మ ఇచ్చింది, పూర్తి ధర తీసుకుని మరీ. "ఆశీలు మీరు తగ్గించారా?" అంది. అతను నవ్వి డబ్బులిచ్చాడు. మరుసటి ఏడాది మాత్రం కొలత ఒక జానెడు పెంచాడు.

అమ్మకు చదువు రాదు. లెక్కంతా చింతగింజల్లో ఉండేది. భరిణె అమ్మితే మామూలు గింజ, పిడతల బుట్ట అమ్మితే అరగదీసిన తెల్ల గింజ, ఒక చిన్న మూత బిందెలో పడేది. చీకటి పడ్డాక పెట్రోమాక్సు లైటు వెలుగులో, పురుగులు ముఖానికి కొట్టుకుంటుంటే, ఆ గింజలు ఒళ్లో పోసుకుని డబ్బుతో సరిచూసేది. ఎదురుగా బుర్రకథ వాళ్ల తందాన, వెనక ఎక్కడో రంగులరాట్నం కిర్రుమనే చప్పుడు. ఆ మోతలో ఆమె పెదవులు కదులుతుండేవి, మాట వినిపించేది కాదు. నేను ఖాళీ గంపలో గడ్డి మీద పడుకుని చూస్తూ నిద్రపోయేదాన్ని.

*

ప్లాస్టిక్ ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. ఒక తీర్థంలో లేదు, తర్వాతి తీర్థంలో ఉంది. వల సంచిలో కట్టిన గులాబీరంగు గ్యాసు పొయ్యి, కుక్కరు, మిక్సీ. మా పిడతల బుట్ట ధరలో సగం కూడా లేదు. పాపలు కోడలి పాత్ర వదిలి అటు పరుగెత్తారు. తప్పు పట్టలేం, వాళ్ల ఇళ్లలో అప్పటికే గ్యాసు పొయ్యిలు వచ్చేశాయి, తిరగలి ఎవరికి కావాలి? అమ్మ ఒకసారి నాన్నతో "మీరు చెక్కతో కుక్కరు చేయలేరా?" అంది. చేశాడు. ఎర్ర లక్కతో చాలా ముద్దొచ్చేది. దాని మీద విజిలు కూడా పెట్టాడు. అమ్ముడుపోయింది కూడా, కాకపోతే గిట్టుబాటు కాలేదు.

రంగుల సంగతి ఇంకో కథ. మా తాతల కాలంలో రంగులన్నీ చెట్టూ చేమా నుంచే వచ్చేవట. తర్వాత బజారు రంగులు చవకగా దొరికాయి, అందరూ అవే కలిపారు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఆ రసాయనాలు మంచివి కావని తెలిశాక బయటి దేశాల గిరాకీ దెబ్బతింది. అప్పుడు మా ఊరి సి.వి. రాజు గారు పాత పద్ధతిని పట్టుబట్టి మళ్లీ నిలబెట్టారు. పసుపు నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలిమందు నుంచి నీలం, నీలం మీద పసుపు కలిపితే ఆకుపచ్చ. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాన్న ఆ రంగులకు మారడానికి మొదట గునిశాడు. ఆ ఎరుపులో మునుపటి భగభగ లేదు, తీర్థంలో దూరం నుంచి కనపడదు. అమ్మ మాత్రం వెంటనే ఒప్పుకుంది. ఆ కొత్త గిలక్కాయను పసిపిల్లల తల్లి ఎదుట తన నోట్లో పెట్టుకుని చూపించేది. అంతకు మించిన ధ్రువపత్రం ఇంకేం కావాలి?

2017లో మా బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊళ్లో అందరం సంతోషించాం. అంకుడు కర్ర మాత్రం ఏటికేడు దొరకడం కష్టమవుతూనే వచ్చింది.

*

తర్వాత నగరాల ఎగ్జిబిషన్ల కాలం. నాన్నకు చేతివృత్తుల గుర్తింపు కార్డు ఉండేది కాబట్టి ఢిల్లీ హాట్‌కూ, సూరజ్‌కుండ్ మేళాకూ పిలుపు వచ్చేది. ఆ కార్డు బొమ్మలు చేసేవాళ్లకే ఇస్తారు. అందుకని నాన్న వెళ్లేవాడు, అమ్మ ఇంట్లో ఉండేది. నాన్న మంచి పనివాడు, బేరగాడు కాదు. ఎవరైనా "ఎక్కువ చెబుతున్నారు" అంటే ఎదురు చెప్పడం చేతకాక తలవంచి మూతలు తుడుచుకునేవాడు. సరుకు సగం వెనక్కి వచ్చేది. అమ్మ గంప విప్పి, మిగిలినవి చూసి, "వీటిని వెనక వరసలో పెట్టారు కదూ?" అని అడిగేది. నాన్న మాట్లాడేవాడు కాదు.

నా పెళ్లయి హైదరాబాదులో స్థిరపడ్డాక అమ్మ ఒక చలికాలం నా దగ్గర ఉంది. మాదాపూర్ శిల్పారామంలో మా ఊరివాళ్ల దుకాణం పడిందని తెలిసి తీసుకెళ్లాను. చూడటానికని వెళ్లిన మనిషి అరగంటలో బల్ల వెనక్కి చేరిపోయింది. బల్ల ఎత్తు ఆమెకు నచ్చలేదు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు, "కూర్చుంటే కొనేవాళ్ల ముఖం కనపడదు" అంది. దుకాణం కుర్రాడు ఆమెను "పెద్దమ్మా" అంటూ మొదట మొహమాటపడ్డాడు, సాయంత్రానికి ఆమె చెప్పినట్టు వరసలు మార్చేశాడు.

పక్కనే కొండపల్లి బొమ్మల దుకాణం. జనం మా దగ్గరికి వచ్చి "ఇవి కొండపల్లివా?" అని అడిగేవారు. పొణికి కర్రతో ముక్కలు ముక్కలుగా చెక్కి, అతికి, రంగులద్దేది కొండపల్లి పని. మిషను మీద తిప్పి లక్క పట్టించేది మా పని. రెండింటికీ పోలికే లేదు. ఆ కుర్రాడు ఓపికగా ఇదంతా వివరించబోతుంటే అమ్మ అడ్డుపడి, "కొండపల్లి బొమ్మ చూసుకోవడానికమ్మా, మా బొమ్మ ఆడుకోవడానికి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. పక్క దుకాణం ఆయన విని నవ్వాడు. తర్వాత ఆయన తన అంబారీ ఏనుగు కొనడానికి వచ్చిన ఒక కుటుంబాన్ని "పాపకు ఆడుకోవడానికైతే అటు చూడండి" అని మా వైపు పంపాడు కూడా.

ఒకావిడ భరిణె చేతిలోకి తీసుకుని, మూత తీసి, ఆ చప్పుడుకు మురిసిపోయి, "మీరే చేశారా?" అని అడిగింది. ఫోను పైకెత్తి ఫొటోకు సిద్ధమైంది. "చేసింది మా ఊరివాళ్లమ్మా, నేను అమ్ముతాను అంతే" అంది అమ్మ. ఆవిడ ఫోను దించేసింది. భరిణె మాత్రం కొంది, రెండు కొంది. అమ్మకు ఫొటో సంగతి పట్టనే లేదు. బేరం ఆడకుండా చెప్పిన ధర ఇచ్చేసి వెళ్లిపోయిందని ఇంటికి వచ్చేదాకా ఒకటే ఆశ్చర్యం. "ఇంకాస్త చెప్పాల్సింది" అని ఆటోలో రెండు మూడుసార్లు అనుకుంది.

*

2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే. దానికి మూడో బహుమతి కూడా వచ్చింది. ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. పొద్దున్నే ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. నాన్న స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని మరీ కూర్చున్నాడు. ఒక్కో రాష్ట్రం శకటం వెళుతుంటే, మనది ఎప్పుడు వస్తుందా అని పిల్లలు గోల. చివరికి వచ్చింది. ఎత్తయిన బొమ్మలు, మా రంగులే, మా మెరుపే. అన్నయ్య ఈల వేశాడు. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ మాత్రం మెడ ముందుకు చాచి, కళ్లు చికిలించి, శకటం తెర మీద నుంచి వెళ్లిపోయేదాకా చూసి,

"అంత ఎత్తున పెడితే పిల్లలకు ఎలా అందుతాయి?" అంది.

"అవి అమ్మకానికి కాదమ్మా" అన్నాడు అన్నయ్య.

"మరి ఊరికే తిప్పడం ఎందుకు?" అని లేచి, వంటింట్లోకి వెళుతూ, ఆ వారంలో రావలసిన కర్ర బండి ఇంకా ఎందుకు రాలేదని నాన్నను అడిగింది.